వెనక నడిచిన ఆమె మాట

మా అమ్మ పోయింది నా చిన్నప్పుడే, నేను ఐదో తరగతిలో ఉండగా. అరవైల చివరి రోజులు. మాది నరసన్నపేట. దహనం ముగిసి ఇంటికి వస్తూ, వెనక్కి చూడకూడదని పెద్దలు ముందే చెప్పినా నేను చూశాను. పొగ తప్ప ఏమీ కనబడలేదు. వెంట వస్తున్న పెదనాన్న అదిరిపడ్డాడు.

"ఎనక్కి సూసీసినావేట్రా? మీ అమ్మ దారి తప్పిపోతాది గదరా!"

దుఃఖంలో ఆయన నోటి నుంచి వచ్చిన మాట అది. నాకు మాత్రం, అమ్మ నా వల్లే ఎక్కడో చీకట్లో తిరుగుతోందన్న భయం పట్టుకుంది. కర్మకాండ అయిపోయినా అన్నం సయించేది కాదు. కన్నీళ్ళూ రాలేదు.

పక్కింటి అక్క శ్రీకాకుళం కాలేజీలో చదివేది. ఒక సాయంత్రం నన్ను వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, తన పాఠంలోని ఇంగ్లీషు పద్యాన్ని తెలుగులో చెప్పింది. గ్రీకుల పాత కథ అట. భార్య చనిపోతే ఒక పాటగాడు పాతాళానికి వెళ్ళి, అక్కడి రాజును అడిగి ఆమెను తెచ్చుకుంటాడు. అతను ముందు, ఆమె వెనక నడవాలి, వెలుగులోకి వచ్చేదాకా అతను వెనక్కి చూడకూడదని షరతు. చివర్లో అతను చూస్తాడు. ఆమె మళ్ళీ చీకట్లోకి వెళ్ళిపోతుంది.

నేను అక్కకు దగ్గరగా జరిగాను.

"ఈ పద్యంలో మాటాడతన్నది ఎవులో సెప్పు," అంది అక్క.

"ఇంకెవులు? మొగుడే."

"అలాగే రాసీసి మా కాలేజీలో సగం మంది తప్పినారు. 'దారంతా నీ ఈపు సూస్తూ నడిసినాను' అనుంది. ముందు నడిసినోడికి ఎవులి ఈపు కనిపిస్తాది? బుర్రెట్టి సెప్పరా."

ముందు ఒకరు, వెనక ఒకరు అని అరుగు మీద వేలితో గీసి చూశాను. "అయితే సచ్చిపోయిన ఆమేనా మాటాడతన్నాది?"

"మరి! అందరూ ఆడి ఏడుపే ఇన్నారు. ఆమెనెవులూ అడగలేదు."

"ఆడు సూసినందుకు ఆమెకి కోపం రాలేదేటి?"

అక్క పుస్తకంలోకి చూసి చివరి వరుసలు నెమ్మదిగా చెప్పింది. 'పోతూ పోతూ నేను చూసింది నీ వీపు కాదు, నీ ముఖం. అది చాలు, ఇక వెళ్ళగలను.'

అమ్మ మాట అక్క ఎత్తనే లేదు. నేనే ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, అమ్మ పోయాక మొదటిసారి ఏడ్చాను. ఆ పూట అక్క కలిపి పెట్టిన చారన్నం తిన్నాను.

తర్వాత పత్రికలో పనిచేసిన ఏళ్ళన్నీ, ఏ చావు వార్త రాసినా, పోయినవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట ఉండే ఉంటుందని కాసేపు ఆగేవాణ్ణి. అది ప్రతిసారీ నాకు అందిందని చెప్పలేను. అమ్మ మాత్రం, తలుచుకున్నప్పుడల్లా, దూరంగా వెళ్ళిపోతున్నట్టు ఉండదు. నిలబడి నన్ను చూసుకుంటున్నట్టే ఉంటుంది.