నేను అమ్మవారిగా పలికిన పూట

మా చిన్నప్పుడు... ఒక ఉదయం మామ్మ నా చొక్కా పైకెత్తి చూసి, నా పొట్టకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

ముందు రోజు దాకా అదే పొట్టను "దరిద్రపు పొట్ట, ఎంత పోసినా నిండదు" అన్న మనిషి! సంగతేమిటంటే, దాని మీద ఏడు నీటి పొక్కులు లేచాయి. ఆటలమ్మ. మా భీమవరం వైపు పల్లెల్లో అప్పట్లో అది జబ్బు కాదు... అమ్మవారే స్వయంగా ఇంటికి వచ్చినట్టు లెక్క.

ఇక నా వైభవం చూడాలి. నులక మంచం మీద వేపాకుల పరుపు. వంటింట్లో పోపు ఘాటు లేదు. నన్ను తిట్టకూడదు, కొట్టకూడదు, మందు మాట ఎత్తకూడదు. తొమ్మిదేళ్ళకే, ఏ అర్హతా లేకుండా, దేవతా హోదా! ఒళ్ళంతా దురదే గానీ... పదవి అన్నాక ఆ మాత్రం ఉంటుంది.

చిక్కల్లా మా చెల్లెలి దగ్గర వచ్చింది.

బుజ్జికి నాలుగేళ్ళు. పుట్టుకతోనే గుండెలో చిల్లు. నాలుగడుగులు పరిగెడితే ఆయాసంతో కూలబడేది. ఏడాది పైగా తిరిగితే విశాఖపట్నంలో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. ఇంకా ఇరవై రోజులే ఉంది. అప్పటిదాకా జలుబు కూడా సోకనివ్వద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. మా ఇంటికి సున్నాలు వేస్తుంటే ఆ దుమ్ము పడదని, అమ్మ దాన్ని తీసుకుని పది రోజులుగా తణుకులో పిన్ని ఇంట్లో ఉంది.

మామ్మ తణుకుకు ఫోన్ చేసి, "పిల్లని తీసుకుని వెంటనే రా" అని పెట్టేసింది. ఎందుకో చెప్పలేదు. అమ్మవారి సంగతి ఫోన్లో చెప్పకూడదట! బుజ్జిని నా పక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే కంచంలో పెరుగన్నం తినిపిస్తే, ఆ తల్లే ఆపరేషన్ దగ్గరుండి జరిపిస్తుందని మామ్మ గట్టి నమ్మకం.

అమ్మ బయల్దేరిపోయింది... ఆ మధ్యాహ్నమే కరుణమ్మగారు వచ్చారు, ఊళ్ళో టీకాలు వేసే నర్సుగారు. ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా పాడతారో, బుధవారం టీకాల రోజున మా రెక్కలు అంత గట్టిగా పట్టుకునేవారు. బుజ్జి ఎలా ఉందో కనుక్కుందామని వచ్చి, నన్ను చూశారు. మామ్మ ఏర్పాటు విన్నారు. మొహం పాలిపోయింది.

"మామ్మగారండీ, మీకు దణ్ణం పెడతాను. ఇది అంటుకుందంటే పాపకి ఆపరేషన్ చెయ్యరండి. ఆ గుండెతో ఈ జ్వరం తట్టుకోలేదండి."

"ఏవమ్మా, అమ్మవారు నా మనవరాలికి కీడు చేస్తుందంటావా? మీ దేవుడు మీకుంటే మా తల్లి మాకుంది."

"దేవుడి సంగతి కాదండీ నేను చెప్పేది..."

"వచ్చిన తల్లికి చూపించకుండా పిల్లని దాచేస్తే, ఆవిడకి కోపం వస్తే, పూచీ ఎవరిది? నీదా?"

ఇంతలో వీధి మలుపులో ఆటో ఆగింది. కరుణమ్మగారు ఒక్క అంగలో వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"అడ్డు లే!" మామ్మ అరిచింది.

"లేవనండి."

కిటికీలోంచి చూశాను. అమ్మ ఆటో దిగుతోంది. చంకలో బుజ్జి, పుల్లల్లాంటి కాళ్ళు. పది రోజులైంది అమ్మను చూసి... ఒంట్లో జ్వరం. పరిగెత్తుకెళ్ళి కొంగులో దూరిపోవాలనిపించింది. కానీ గేటు పట్టుకున్న కరుణమ్మగారి చేతులు వణుకుతున్నాయి. సూది పట్టినప్పుడు ఏనాడూ వణకని చేతులు.

భయం వేసింది. నా దగ్గరున్న అధికారం ఒక్కటే.

తల గిరగిరా తిప్పాను. పళ్ళు కొరికాను. "ఒసేయ్ సుబ్బలక్ష్మీ!" అని మామ్మను పేరు పెట్టి పిలిచాను. "ఆ పసిదాన్ని నా గడప తొక్కనిచ్చావో... ఊరుకోను!"

మామ్మ అక్కడికక్కడే సాష్టాంగపడిపోయింది. "తప్పయిపోయింది తల్లీ!"

కరుణమ్మగారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. రెండు క్షణాలు. ఆ తర్వాత కిటికీ దగ్గరకు వచ్చి, వినయంగా చేతులు కట్టుకున్నారు.

"ఎన్నాళ్ళు తల్లీ? పొక్కులన్నీ ఎండి, పెచ్చులు రాలేదాకానా?"

"ఆయ్! రాలేదాకా!" గోదావరి అమ్మవారు కదా... మర్యాద మరిచిపోలేదు.

"ఈలోగా పిల్లాడికి జ్వరం మాత్ర వెయ్యడానికి సెలవా తల్లీ?"

చేదు గుర్తొచ్చింది. అయినా తల ఊపాను.

"మరి సూది..."

"సూది వద్దు!" అని అమ్మవారు చాలా స్పష్టంగా, కొంచెం కంగారుగా సెలవిచ్చింది.

కరుణమ్మగారు మలుపు దాకా వెళ్ళి అమ్మకు ఏదో చెప్పారు. అమ్మ కిటికీ వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంది. బుజ్జి చెయ్యి ఊపింది. ఆటో వెనక్కి తిరిగిపోయింది. మా అమ్మను నేనే పంపించేశాను... వేపాకుల్లో మొహం దాచుకుని ఏడిస్తే, అమ్మవారు శాంతించిందని మామ్మ విసనకర్ర అందుకుంది.

ఆ తర్వాత కరుణమ్మగారు రోజూ వచ్చేవారు. నేను గోక్కోకుండా నా గోళ్ళు కత్తిరించేవారు. "ఇంకోసారి ఇలాంటి వేషాలేశావంటే నిజంగానే సూది వేస్తాను" అని చెవిలో చెప్పి, నాకు నిద్ర పట్టేదాకా తల మీద చెయ్యి తీసేవారు కాదు.

బుజ్జికి ఒక్క పొక్కు రాలేదు. చెప్పిన రోజునే ఆపరేషన్ జరిగింది. మర్నాడు విశాఖపట్నం నుంచి నాన్న ఫోన్. "కళ్ళు తెరిచింది. ఇడ్లీ కావాలంటోంది."

మామ్మ బావురుమంది. కరుణమ్మగారు టీకాల పెట్టె పక్కన పెట్టి, మెట్ల మీద కూలబడి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగారు. హమ్మయ్య అనే మాటకు నిజమైన బరువెంతో నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఆటలమ్మకూ టీకా ఉంది. పిల్లలకు వేయించేస్తున్నారు, అమ్మవారు వీధిలోకే రావడం లేదు. చాలా మంచిది, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ... ఇప్పుడు సూది వేసే వారి పేరు మనకు తెలియదు, మన పిల్లల పేర్లు వారికి కాయితం చూస్తే గానీ తెలియవు.

మీ కోసం ఎవరితోనో తిట్లు తిన్న నర్సుగారు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. పేరు గుర్తుంటే ఇక్కడ రాయండి... ఆవిడ చూసినా, చూడకపోయినా.