క్యారియర్ లేని సైకిలు

మా ఇంట్లో ఒక సైన్సు ఉంది. లావు మనిషి సైకిలు తొక్కితే టైరు పగిలిపోతుంది. అదే లావు మనిషి వెనక క్యారియర్ మీద కూర్చుని, బక్క మనిషి తొక్కితే టైరుకి ఏమీ కాదు. దీన్ని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ముదలియార్‌పేటలో మా వాళ్ళందరూ నమ్మారు. ఆ లెక్కన మా అక్క క్యారియర్‌కీ నేను పెడల్‌కీ పుట్టాం. చిన్నప్పుడు నాన్న నాకు సైకిలు నేర్పిస్తుంటే, అక్క అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ చూసేది.

యాభై దగ్గరపడినా ఏర్పాటు మారలేదు. రోజూ పొద్దున అక్కని వెనక ఎక్కించుకుని, కోసపాళయంలో ఆమె జాకెట్లు కుట్టే టైలర్ షాపు దగ్గర దింపి, నేను లాస్‌పేటలో మా ఆఫీసుకి పోతాను. అక్క బస్సెక్కితే వాంతి చేసుకుంటుంది. షేర్ ఆటో ఎక్కితే పక్కవాళ్ళు ఉస్సురంటూ జరిగే తీరు చూసి, ఉక్రోషం పట్టలేక మధ్యలోనే దిగిపోతుంది. స్కూటీ కొనొచ్చు కదా అంటారు కొందరు. నాకు భయం, అంతే. కాబట్టి నా సైకిలు కదిలితేనే అక్కకి పని.

ఆ సైకిలు కాస్తా విరిగింది. అతుకుల మీద అతుకులు వేసిన వెల్డింగాయన కూడా ఇక నా వల్ల కాదమ్మా అని చేతులెత్తేశాడు.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో ఒకావిడ నా చెవిలో హైబ్రిడ్ అనే మాట ఊదింది. రేసు సైకిలంత సన్న టైర్లు కావు, కొండలెక్కే సైకిలంత మందం టైర్లూ కావు. ఊళ్ళో తారురోడ్డు మీద సాఫీగా పోతుంది, ఆదివారం ఊరు దాటి చెరువు వైపు ఎర్రమట్టి దారుల్లోకీ పోతుంది. ఆవిడ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ప్రతి ఆదివారం అలా పోతున్నారట. నాకు కుళ్ళు పుట్టింది. నా బతుకులో సైకిలంటే ఆఫీసు, బియ్యం, అక్క. ఉత్తినే తొక్కడమనేది ఒకటుందని నాకెవరూ చెప్పలేదు.

ఒకటే చిక్కు. ఆ సైకిలుకి మనిషి కూర్చునే క్యారియర్ ఉండదు. రాత్రి అన్నాల దగ్గర ఎలాగో కక్కేశాను.

అక్క మజ్జిగ కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు. “సరి, కొనుక్కో. నేను పనికి పోను. సుమ్మా, ఊరికే ఇంట్లో పడుంటా. టీవీ ఉండాది గదా.”

నాకు ఒళ్ళు మండింది. “ఏందక్కా, త్యాగమా? నీ మొగానికి అది నప్పదు గానీ, వద్దంటే వద్దని చెప్పు!”

“నేను యాడ వద్దంటిని? ఇంట్లో ఉంటా అంటిని.”

పని మానేస్తే అక్క ఏమైపోతుందో నాకు తెలుసు. ఆ షాపులో ఆమె నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇంట్లో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. అయినా నాకు ఆ సైకిలే కావాలి. రెండూ నిజమే, రెండిటికీ నా మీద నాకే చిరాకు.

మా ఇంట్లో ఇంకో ఆచారముంది. ఏ బండి కొన్నా, ఇంటిల్లిపాదిలో బరువైన మనిషిని ఎక్కించి చూడాలి. అది మోస్తే ఇంకేదైనా మోస్తుందని ధీమా. అందుకని ఇంత గొడవ జరిగాక కూడా అక్క శనివారం ముస్తాబై నాతో సైకిలు షాపుకి బయల్దేరింది.

షాపతను ముందు చక్రానికి స్ప్రింగులున్నది చూపించాడు. గుంతలో పడినా తెలియదట. మా రోడ్డు గుంతలు నాకు పేరుపేరునా తెలుసు, ఆ మాత్రానికి స్ప్రింగుల బరువెందుకు మోయాలి? వద్దన్నాను. బ్రేకులు మాత్రం తడిసినా పట్టే డిస్కువే అడిగాను, వానల్లో మా వీధి ఏరవుతుంది. చుడీదార్‌తో ఎక్కేలా సీటు ముందు కడ్డీ వాలుగా ఉన్నది ఏరి, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి చూసుకున్నాను. బూడిద రంగు. చచ్చేంత నచ్చింది.

“ఇంక అక్క కూర్చుని చూస్తే అయిపోయింది” అన్నాను అలవాటుగా.

అక్క సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. “యాడ కూర్చునేది?”

మా సైన్సు తెలియని షాపతను సీటు తట్టి, “ఇక్కడే అక్కా” అన్నాడు.

అక్క నా వైపు చూసింది. టైరు పగులుతుందని చెప్పబోయాను. పరాయి మనిషి ముందు ఆ మాట గొంతుదాకా వచ్చాక గానీ అదెంత చెత్తో నాకు వినపడలేదు. సైకిలు కదలకుండా పట్టుకున్నాను. అక్క కుచ్చిళ్ళు ఎగదోపి, నా భుజం పట్టుకుని ఎక్కింది. ఒకసారి ఎగిరి కూర్చుంది. ఇంకోసారి, కసిగా.

“పగలదా తమ్ముడూ?”

“దేనికి పగులుద్ది? మీరు తొక్కేదానికే గదా చేసింది” అన్నాడతను.

అక్క దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని అలాగే ఉండిపోయింది. “ఏమ్మే, అయితే నాయన చెప్పిందంతా ఉత్తదేనా?”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అదీ సైకిలు షాపులో. అక్క మాత్రం ముక్కు ఎగబీల్చి, షాపతనితో, “ఇట్లాంటివి రెండు ఇయ్యి” అంది.

తర్వాతి సాయంత్రాల్లో మా ఇంటి వెనక మైదానంలో జరిగింది వర్ణించడం నా తరం కాదు. వీధి ఆడవాళ్ళంతా కూరగాయలు తెచ్చుకుని తరుక్కుంటూ కూర్చున్నారు, తలా ఒక సలహా. అక్క గోడకి గుద్దింది, మేకకి గుద్దింది, నాకు గుద్దింది. మోచేతులు చెక్కుకుపోతే వీధి మొత్తాన్నీ తిట్టి మళ్ళీ ఎక్కింది. ఊరందరికీ జాకెట్లు కుట్టే మనిషి మొదటిసారి తనకంటూ చుడీదార్ కుట్టుకుంది.

కొన్ని వారాలయ్యాక ఓ సోమవారం ఇద్దరం బయల్దేరాం. నా వీపు తేలిగ్గా, ఏదో మర్చిపోయి వచ్చినట్టుంది. బస్సులు, ఆటోలు, కుక్కలు. ఆమెకి ఏ బండీ తగలకుండా సరిగ్గా ముందు నడుపుతూ, వెనక్కి వెనక్కి తిరిగి చూస్తూ, మెల్లగా మెల్లగా అని అరుస్తున్నాను.

కోసపాళయం మలుపు దగ్గర వెనకనించి కేక వినిపించింది. “ఏమ్మే, తప్పుకో! ఇన్నేండ్లు నీ ఎనక కూర్చుని, దాటిపోయేవే చూస్తిని. ఎదురుగా ఏమొస్తాదో ఇప్పుడన్నా నన్ను చూడనీ!”

తప్పుకున్నాను.