హనుమేష్ నేర్చుకున్న ఇంగ్లీషు మాట

పత్తికొండ టమోటా మార్కెట్‌లో వేలం వేసే హనుమేష్‌కు గొంతు దేవుడిచ్చాడు, మైకు మండీ యజమాని ఇచ్చాడు. తెలివి ఎవరిస్తారా అని హమాలీలం మేమంతా చూస్తుండగా, పోటీ పరీక్షలకు చదువుతున్న కూతురు శిల్ప ఒక ఇంగ్లీషు మాట ఇచ్చింది. పిలరీ.

"అంటే ఏందిమ్మా?"

"పాతకాలంలో తెల్లోళ్లు తప్పు చేసినోని మెడా చేతులూ కొయ్యచట్రంలో బిగించి సంతలో నిలబెడ్తాండ్రి నాయనా. జనం కుళ్లిన కూరగాయలతో కొడ్తాండ్రి. ఇప్పుడు పదిమందిలో పరువు తీసేదాన్ని అట్లంటారు."

సంత ఉంది, జనం ఉన్నారు, కుళ్లిన కాయలకైతే కొదవే లేదు. చట్రం బదులు మైకు సరిపోయింది. మర్నాటి నుంచి ఎవరి బాక్సు అడుగున మెత్తటి కాయలు కనబడినా హనుమేష్ చీటీ మీది రైతు పేరు చదివి "పిలరీ!" అని అరిచేవాడు. జనం ఈలలు వేసేవారు. దాచడమెందుకు, నేనూ వేశాను.

ఒకరోజు నరసన్న అనే ముసలి రైతు వంతు వచ్చింది.

"దోవంతా గుంతలప్పా. కింది కాయ నలిగింది. నేను మోసం జేయలేదు" అని చేతులు జోడించాడు.

"దొరికినోళ్లందరూ గుంతల మీదే చెప్తారు!" అన్నాడు హనుమేష్ మైకులో. నరసన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత నరసన్న మళ్లీ వచ్చి ఓ మూల నిలబడ్డాడు. అప్పుడే హనుమేష్ ఒక బాక్సు కుమ్మరించాడు. అడుగున సగం రసమే. అలవాటుగా చీటీ అందుకుని "పిలరీ! పేరు..." అని ఆగిపోయాడు.

చీటీ మీద హనుమేష్ భార్య శివలీల పేరుంది; అవి వాళ్ల సొంత చేని కాయలే. బాక్సులతో పాటు ఆమె కూడా ఆటోలో వచ్చి బాక్సుల వెనక నిలబడి ఉంది.

"చదువప్పా! ఏమప్పా, మాట పడిపోయిందా?" అని జనం గోల చేశారు.

హనుమేష్ గొంతు సవరించుకున్నాడు. "అంటే... మా చేని దోవలో శానా గుంతలుండాయి. కింది కాయ నలుగుతాది. దీంట్లో తప్పేముండాది?"

ఈలలు మిన్నంటాయి. శివలీల కొంగుతో ముఖం కప్పుకుంది. నరసన్న ముందుకు నడిచాడు. ఇప్పుడు కసి తీర్చుకుంటాడని నేను రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

ఆయన శివలీల పక్కన నిలబడి జనం వైపు తిరిగాడు.

"నవ్వొద్దండప్పా. ఆయమ్మ మోసం జేయలేదు. నాకు తెలుసు. మా చేన్లు రెండూ పక్కపక్కనే, మా దోవ ఒకటే."

హనుమేష్ మైకు కట్టేశాడు. నేను నోట్లోంచి వేళ్లు తీసేశాను.