పద్నాలుగు మంది నాయనమ్మ

కొండమీది అమ్మవారి వైపు తిరిగి, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి మరీ ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టి ఉంటారని తెలుసు. వన్ టౌన్‌లో మా వీధివాళ్లయితే నేను టైమెంతయిందో చెప్పినా పక్కవాణ్ణి అడిగి సరిచూసుకుంటారు. అలాంటి పేరున్నవాడు ప్రమాణం చేశాడంటే ఎంత అవసరం పడిందో మీరే ఆలోచించండి.

మొన్న బీసెంట్ రోడ్డులో దుప్పట్లు బేరం చేస్తుంటే వెనకనుంచి ఎవరో "సార్!" అని కేకేశారు. చూద్దును గదా, నా పాత శిష్యుడు. నుదురు నడినెత్తి దాకా పెరిగింది, పక్కన భార్య, చంకలో పాప. కాళ్లకు దండం పెట్టబోయి, జనం తోపులాటలో కుదరక, నా మోకాలికి పెట్టి లేచాడు. "నాయనమ్మ ఎలా ఉన్నారు సార్?" అన్నాడు ముసిముసిగా. పాపం, భార్యకు కథ తెలియదు. ముఖం జాలిగా పెట్టి, "పెద్దావిడ ఇంకా ఉన్నారాండీ?" అంది. ఉన్నారమ్మా, డెబ్బై ఎనిమిదేళ్లు, నిక్షేపంలా ఉన్నారు అన్నాను. నాకే యాభై దాటి మూడేళ్లయింది. లెక్క కుదరక ఆ అమ్మాయి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తుంటే, మేమిద్దరం దుప్పట్ల బండి పట్టుకుని నవ్వాం.

ఆ నాయనమ్మ సంగతే చెప్పబోతున్నాను. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. మా నాన్నగారి బట్టల గోడౌను మీద రెండు గదులుంటే, వాటిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మామూలు ఇంగ్లీషు కాదు, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే పరీక్ష ఇంగ్లీషు. కింద కొత్త గుడ్డల గంజి వాసన, వీధిలో తోపుడు బళ్లవాళ్ల తిట్లు, పైన నర్సులూ ఫార్మసీ పిల్లలూ కూర్చుని "వాతావరణం చాలా ఆహ్లాదంగా ఉంది" అని ఇంగ్లీషులో వల్లె వేస్తుండేవారు. ఆ పరీక్షలో రాతా చదువూ ఎలాగో గట్టెక్కుతాయి. భయమంతా మాట్లాడే భాగం దగ్గరే. చేతికి ఒక కార్డు ఇస్తారు. దానిమీద ఏదో విషయం ఉంటుంది. ఒక్క నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మన పిల్లలు ఇంట్లో ఆపమన్నా ఆపరు గానీ, ఆ కార్డు చూడగానే నోరు కుట్టేసినట్టయిపోతారు.

ఏ కార్డు వస్తుందో తెలియనప్పుడు అన్ని కార్డులకూ సరిపోయే కథ ఒకటుంటే చాలు కదా అనిపించింది నాకు. అలా పుట్టింది నాయనమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. కృష్ణకు వరదొచ్చినప్పుడు, పడవవాడు జడిసి పారిపోతే, కొంగు నడుముకు బిగించి, ఆరుగురు బడిపిల్లల్నీ ఒక కుంటి దూడనీ ఎక్కించుకుని తనే తెడ్డు వేసి అవతలి ఒడ్డు చేర్చింది. మీరు మెచ్చుకునే వ్యక్తి, మరిచిపోలేని ప్రయాణం, నీటి దగ్గర గడిపిన రోజు, ఇష్టమైన జంతువు, ఏ కార్డు వచ్చినా పడవ సిద్ధం. మీరు వాడే ఒక పరికరం గురించి చెప్పమంటే తెడ్డే పరికరం. మీ దేశంలో నచ్చిన చట్టం గురించి చెప్పమంటే, పడవలో పరిమితికి మించి ఎక్కించకూడదనే చట్టంతో మొదలుపెట్టి మూడో వాక్యానికల్లా నాయనమ్మను నదిలోకి దింపేవారు. రాసింది నేనే అయినా, ఆ దూడ ఒడ్డెక్కి వెనక్కి తిరిగి చూసే చోట నాకే కళ్లు చెమర్చేవి.

ఆ బ్యాచ్‌లో మా మరదలు కూడా ఉంది. మా ఆవిడ చెల్లెలు, మంగళగిరి పిల్ల, బెజవాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెల్లో పడుకునే పిల్లల వార్డంటే దానికి ప్రాణం. ఇంగ్లండులో ఒక ఆసుపత్రివాళ్లు సరిగ్గా అలాంటి వార్డులోనే చోటిస్తామన్నారు. మాట్లాడే భాగంలో తొమ్మిదికి ఏడు రావాలన్నారు. మొదటిసారి సొంతంగా వెళ్లి, కార్డు చూసి బెదిరిపోయి ఆరు తెచ్చుకుంది. అప్పుడు నా దగ్గర చేరింది. రెండోసారి నాయనమ్మను తోడిచ్చి పంపాను.

ఆ రోజు నా శిష్యులు పద్నాలుగు మంది ఒకే హోటల్లో, ఒకే పరీక్షకురాలి ముందు కూర్చున్నారు. మద్రాసు నుంచి వచ్చిన పెద్దావిడట, కళ్లజోడుకు గొలుసు. పొద్దున తొమ్మిదిన్నరకు మొదటివాడికి 'మీరు పోగొట్టుకున్న మనిషి' అని కార్డొస్తే నాయనమ్మను చంపేశాడు. పది గంటలకు రెండో అమ్మాయి ఆవిణ్ణి వరదలోకి దింపింది. భోజనాల తరవాత ఇంకొకడు ఆవిడకు కంప్యూటర్ నేర్పించాడు. బీసెంట్ రోడ్డు శిష్యుడు సాయంత్రం నా దగ్గరికి ఒగరుస్తూ వచ్చాడు.

"సార్, మన నాయనమ్మ ఆ మేడమ్‌కి కూడా తెలుసు సార్!"

"తెలియడమేంట్రా?"

"నేనింకా పడవ దగ్గరే ఉన్నాను సార్. ఆవిడే కలం పక్కన పెట్టి, దూడ కుంటిదేనా అని అడిగారు!"

ఫలితాలొచ్చాయి. బట్టీ పట్టిన జవాబులకు మార్కులెలా పడతాయో అలాగే పడ్డాయి. మరదలికి ఆరున్నర. అక్కడి ఆసుపత్రివాళ్లు నెలాఖరు దాకా చూస్తామనీ, ఆ తరవాత ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ ఉత్తరం రాశారు. పరీక్షకు మిగిలింది ఇంకొక్క తేదీ. మరదలు నన్ను ఒక్క మాట అనలేదు. దానికే భయమేసింది. మామూలుగా నేను కాఫీ చల్లారబెట్టుకుని తాగినా వెక్కిరించే పిల్ల అది.

తప్పు నాది కనక, ఆ తేదీలోపు వచ్చిన రెండు ఆదివారాలూ నేనే మంగళగిరి బస్సెక్కాను. మా అత్తయ్యగారు గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే, మగ్గం పక్కనే చాపమీద మా పాఠం. ఆ ఇంట్లో గడియారం గోడమీద ఉంది గానీ అది నడిచిన గుర్తు ఎవరికీ లేదు. నా ఫోన్లో చూస్తానంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "రెండు నిమిషాలే కదా అల్లుడుగారూ, మూడు వేళ్ల గుడ్డ" అన్నారు. అలా మా పరీక్షకు మగ్గమే గడియారమైంది. మరదలు మాట్లాడుతూ తడబడితే, "ఇంకా వేలెడుంది, కానియ్యి, మాట్లాడు" అని గుంటలోంచి గదమాయింపు వినిపించేది.

నేను ఊరికే ఉంటానా? పరీక్షకురాలు గుర్తుపట్టకుండా నాయనమ్మకు మారువేషం వేశాను. పడవను ఎడ్లబండి చేశాను. దూడ స్థానంలో మేకపిల్ల. వరద మాత్రం తీసెయ్యడానికి మనసొప్పక గాలివానగా మార్చాను. మరదలు చక్కగా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. మగ్గం ఆగింది.

"ఆ పెద్దావిడెవరో గానీ, దీనికి చుట్టం కాదు" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. "మీకెలా తెలిసిందండీ?" అన్నాను గతుక్కుమని.

"చుట్టాల గురించి చెప్పేవాళ్లు మధ్యలో ఒకసారన్నా విసుక్కుంటారు బాబూ. ఇది తిరుపతి వెంకన్న గురించి చెప్పినట్టు చెబుతోంది."

మళ్లీ నేత మొదలైంది. కాసేపటికి మరదలు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "అమ్మా, ఎడమవైపు పోగు తెగింది, చూసుకో" అంది. అత్తయ్యగారు వంగి చూస్తే నిజంగానే తెగింది. నేను నోరు తెరిచాను. "చప్పుడు మారింది కదా బావా, మీకు వినపడలా?" అంది, ఏదో నాకే చెవుడన్నట్టు.

పరీక్షరోజు ఆటో బందరు రోడ్డు హోటలు ముందు ఆగింది. అప్పుడు నేను, ఇరవయ్యేళ్ల అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని, "నాయనమ్మను ఇక్కడే దింపెయ్యి. లోపలికి నువ్వొక్కదానివే వెళ్లు" అన్నాను. నా జన్మలో ఒకరికిచ్చిన గొప్ప సలహా అదే.

లోపల కార్డు మీద ఏముందనుకున్నారు? 'మీకు బాగా తెలిసిన, గోలగా ఉండే ఒక చోటు.' కళ్లజోడుకు గొలుసున్న ఆవిడే కూర్చుని, గాలివానకో వరదకో సిద్ధపడినట్టు కుర్చీలో సర్దుకున్నారట. మరదలు "మా అమ్మ మగ్గం" అని మొదలుపెట్టింది. ఆ గోలకు చదువు తలకెక్కక ఎన్నిసార్లు అమ్మతో పోట్లాడిందో చెప్పింది, మధ్యలో మాటకోసం వెతుక్కుంది, దొరక్కపోతే బల్లమీద వేళ్లతో టకటక కొట్టి చూపించింది. పసిపిల్లప్పుడు ఆ గుంట గట్టునే నిద్రపోయేదాన్ననీ, చప్పుడు ఆగితేనే మెలకువొచ్చేదనీ చెప్పింది. "ఇప్పుడు మా వార్డులో పదహారు యంత్రాలు ఒకేసారి కూస్తుంటాయి, కొత్త నర్సులకు తలనొప్పి వస్తుంది, నాకు మాత్రం ఏ పెట్టెలో పిల్లకు ఊపిరి తేడా కొట్టిందో తెర చూడకముందే తెలుస్తుంది, అది మా అమ్మ మగ్గం నేర్పిన చదువు" అనేసరికి రెండు నిమిషాలూ అయిపోయాయి. పెద్దావిడ టైమయిందని చెయ్యెత్తి, మళ్లీ ఆ చెయ్యి దించి, "మీ అమ్మగారు ఇప్పటికీ నేస్తున్నారా?" అని అడిగారట.

ఇదంతా సాయంత్రం మగ్గం పక్కన కూర్చుని తెలుగులో మళ్లీ చెబితే, అత్తయ్యగారు నేత ఆపి విన్నారు. వినడానికి ఆవిడ మగ్గం ఆపడం నేను చూసింది ఆ ఒక్కసారే. "గోల అన్నావా నా మగ్గాన్ని?" అన్నారు చివరికి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

నెల ఇంకా నాలుగు రోజులుందనగా ఫలితం వచ్చింది. మా ఆవిడ ఫోన్లో అరిచిన అరుపుకు కింద గోడౌనులో తానులు దించేవాళ్లు ఏదో కూలిందని పరుగెత్తుకొచ్చారు. నేను మంగళగిరి వెళ్లేసరికి అత్తయ్యగారు గుంటలోంచి తల ఎత్తి, "ఎన్ని వేళ్లొచ్చాయి అల్లుడుగారూ?" అన్నారు. "ఏడున్నర వేళ్లండీ!" అన్నాను. ఆవిడ తన వేళ్లు గుడ్డమీద ఆనించి, జరుపుకుంటూ ఏడున్నర కొలిచి చూసుకుని, "బానే ఉందే" అని మళ్లీ పోగుల మధ్యకు నాడె విసిరారు. ఇప్పుడు మా మరదలు అక్కడి వార్డులో పెద్ద నర్సు. సెలవులకొస్తే ఇప్పటికీ నా కాఫీని వెక్కిరిస్తుంది.

ఇక ప్రమాణం సంగతి. అమ్మవారి కొండ కిటికీలోంచి నావైపే చూస్తోంది కనక చెప్పేస్తున్నాను. ఆటోలో నేనన్నానన్న ఆ గొప్ప మాట ఉందే, అదొక్కటీ కల్పితం. నిజానికి వారధి దాటిన దగ్గర్నుంచీ నేను మరదలిచేత ఎడ్లబండీ మేకపిల్లా వల్లె వేయిస్తూనే ఉన్నాను. హోటలు ముందు దిగి, అదే నావైపు తిరిగి, "బావా, మీ నాయనమ్మను ఆటోలోనే ఉంచండి. నేనొచ్చేదాకా మీ ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చోండి" అని చక్కా పోయింది. నేను నిజంగానే కూర్చున్నాను. మిగతాదంతా నిజం, ఒట్టు.

ఆ తరవాత నాయనమ్మను క్లాసుకు తేలేదు. అయినా ఆవిడ ఎక్కడికీ పోలేదు. అప్పుడూ డెబ్బై ఎనిమిదే, ఇప్పుడూ డెబ్బై ఎనిమిదే, తెడ్డు పట్టుకుని అలాగే ఉంది. పుట్టినరోజులు నాకే వస్తున్నాయి. ఈ లెక్కన ఇంకో పాతికేళ్లకు, నేను పుట్టించిన నాయనమ్మా నేనూ ఒక్క ఈడువాళ్లమై ఆ పడవలో పక్కపక్కన కూర్చుంటాం. అప్పటికైనా తెడ్డు నా చేతికిస్తుందేమో చూడాలి.