సన్యాసిరాజు బావ చూడని ముక్కు

మా వీధి సన్యాసిరాజు బావకు కోపం వస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తాడు. ఆ ఆదివారం భీమిలి ఇసుక కాళ్లను మాడ్చేస్తున్నా అలాగే నడిచాడు. కోపం మాలో ఎవరి మీదా కాదు, తన మీదే.

బావది పద్మనాభం దగ్గర పల్లె. వయసులో ఉండగా రేవుకొచ్చి, ఇనుప ఖనిజం మోసే బెల్టు దగ్గర పనికి కుదిరాడు. రిటైరయ్యేదాకా అక్కడే. ఆ ఎర్ర ధూళి సంగతి మా ఊరివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరేసిన పంచె మీద, కిటికీ చువ్వల మీద, ఆఖరికి తులసికోట గట్టు మీద కూడా పేరుకుంటుంది. బావ పనినుంచి రాగానే ఆయన భార్య మా పోతమ్మక్క గుమ్మం బయటే నిలబెట్టి, తువ్వాలుతో భుజాలూ వీపూ దులిపి లోపలికి రానిచ్చేది. ఎన్నేళ్లయినా ఆవిడ విసుక్కోగా నేను చూడలేదు.

రిటైరయ్యాక బావ పిట్టలు చూసేవాళ్లలో చేరి, నన్నూ లాక్కుపోయాడు. ఆదివారం తెల్లారుతూనే మద్దిలపాలెంలో వ్యాన్ ఎక్కుతాం. కాలేజీలో పాఠాలు చెప్పే అనూరాధ గారు మాకు పెద్ద. నాకు పిట్టల పేర్లు గుర్తుండవు. అప్పన్న స్వామి ఇన్ని రంగులు ఎలా అద్దాడో అని దణ్ణం పెట్టుకుంటే నాకు చాలు. బావకు అలా కాదు. ఒక్క పిట్టనైనా అందరికన్నా ముందు పోల్చి చెప్పాలి. ఏడాదిగా అదే పట్టు. చెప్పినవన్నీ తప్పులే అయ్యాయి. గద్దను డేగ అన్నాడు. ఒకసారి "కొంగ! కొంగ!" అని అందర్నీ ఆపితే, అది కర్రకు చిక్కుకున్న తెల్ల ప్లాస్టిక్ సంచి.

"కొంగ ఎగరట్లేదేటి బాబాయ్? నైట్ డ్యూటీ సేసొచ్చిందేటి?" అని నరేష్ ఏడిపించాడు. నరేష్ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నోరు దురుసే గానీ, రాళ్ల మీద నడిచేటప్పుడు అడక్కుండానే బావ చెయ్యి పట్టుకునేదీ అతనే.

ఆ రోజు గోస్తని సముద్రంలో కలిసే చోట నిలబడ్డాం. వేసవి మొదలైంది. చలికాలమంతా ఇక్కడ గడిపిన ఉల్లంకి పిట్టలు వెళ్లిపోయే ముందు బురదలో గబగబా మేస్తున్నాయి. అన్నీ బూడిదరంగు వీపులు, తెల్ల పొట్టలు. వాటి మధ్య ఒకటి ఎర్రగా కనిపించింది.

"అదేటిరా బాబూ, ఇటికరాయిలాగుంది!" అన్నాడు నరేష్.

ఎవరూ అలాంటిదాన్ని ఇంతకుముందు చూడలేదు. అనూరాధ గారేమో వెనక వ్యాన్ దగ్గరే ఉన్నారు. బావ మా దగ్గరున్న ఒక్క బైనాక్యులర్ అందుకుని, ఒక్కసారి చూసి దించేశాడు. ఆ ముఖంలో అంత ధీమా నేనెప్పుడూ చూడలేదు.

"కొత్త పిట్టా లేదు, ఏటీ లేదు. ఇది మన రేవు ధూళి. ఖనిజం బెల్టు కింద తిరిగొచ్చింది. ఈ రంగు నాకు తెలీదేటి?"

అందరం నమ్మాం. మా ఊళ్లో తెల్లని వస్తువు ఎర్రబడితే ఇంకో కారణం వెతకం మరి. నరేష్ కూడా చప్పట్లు కొట్టాడు. "ఇయ్యాల బాబాయిదే!" అన్నాడు. బావ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అంతా అవతలి చెట్ల వైపు తిరిగిపోయాం.

అనూరాధ గారు వచ్చి విషయం విన్నారు. మెల్లగా అడిగారు, "రాజు గారూ, ఎరుపు ఎక్కడుందండీ? వీపు మీదా, పొట్ట మీదా?"

"పొట్టంతా ఎర్రగానే ఉందమ్మా. రొమ్ము దగ్గర నుంచి..." అంటూ ఆగిపోయాడు బావ.

ధూళి పైనుంచి పడుతుంది. భుజాల మీదా వీపు మీదా పేరుకుంటుంది, పొట్టకు అంటదు. ఆ మాట ఆవిడ అనలేదు, బావకే తట్టింది. గబుక్కున వెనక్కి తిరిగి బైనాక్యులర్ ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే ఒడ్డున పెద్ద వల లాగుతున్న జాలరి దాలయ్య మనుషులు "హైలెస్సా!" అని ఒక్కసారి కేకేశారు. పిట్టలన్నీ లేచి, ఒక్క మబ్బులా తిరిగి, సముద్రం మీదుగా వెళ్లిపోయాయి.

"అయ్యో, మీ పిట్టల్ని లేపేసినామేటి బాబూ?" అని దాలయ్య తాడు వదలకుండానే అడిగాడు. "మీరేటి సేత్తారు, మీ పని మీది" అన్నాడు బావ. బైనాక్యులర్ మాత్రం దించలేదు.

అనూరాధ గారు చెప్పారు: వెళ్లే ముందు కొన్ని పిట్టలకు పొట్ట ఇలా ఎర్రబడుతుందట. అలాంటివి మన తీరాన రెండు రకాలు ఉండొచ్చట. ముక్కు పొడుగ్గా, కిందికి వంగి ఉంటే ఒకటి. పొట్టిగా, తిన్నగా ఉంటే రెండోది, అది మరీ అరుదు.

"ముక్కు ఎలా ఉందండీ?"

మేమెవరమూ అంతసేపు చూడలేదు. బైనాక్యులర్‌తో చూసింది బావ ఒక్కడే.

నరేష్ బావ చెవి దగ్గర, "వంకరే అనెయ్ బాబాయ్. ఎక్కువొచ్చేది అదేనంట. మన పిట్ట మనకి దక్కుద్ది" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగా బావ కోసమే అన్నాడు.

బావ వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఒక్క మాట అంటే చాలు, ఏడాదిగా కోరుకున్నది ఆయనదవుతుంది.

"నాను సూడలేదమ్మా" అన్నాడు. "రంగు సూసి వొగ్గేసినాను."

"అయితే పేరు పెట్టొద్దు లెండి" అన్నారు అనూరాధ గారు. తన సీసాలో నీళ్లు ముందు బావకే ఇచ్చారు.

తక్కినవాళ్లు టిఫినుకు వెళ్లినా బావ కదల్లేదు. వచ్చి వాలిన ప్రతి పిట్టనూ బైనాక్యులర్‌తో చూశాడు. "తెల్లదే. ఇదీ తెల్లదే" అని పళ్లు కొరుకుతూ అన్నాడు. నేను ఇడ్లీ పొట్లం తెస్తే తీసుకోలేదు. వ్యాన్ హారన్ కొట్టాక గానీ లేవలేదు.

దారంతా చెప్పులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. మద్దిలపాలెం దగ్గర పడుతుండగా నాకే ఉండబట్టలేదు.

"ఎరుపైతే సూసేవు గదా బావా, అదీ భాగ్యమే."

బావ నా వైపు చురుగ్గా చూశాడు.

"ఎరుపు నాను పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచీ సూత్తన్నదే బావా. ముక్కు సూడాల. ముక్కు!"