ప్రమీలారాణి టీచరమ్మ చెప్పిన డ్రాగన్ల పాఠం

కిరండూల్‌లో మా స్కూలు రైల్వే క్వార్టర్లకీ బజారుకీ మధ్య ఉండేది. పైన కొండ మీద ఇనుపరాయి తవ్వేవారు, కింద వ్యాగన్లకెత్తి విశాఖపట్నం పంపేవారు. ఎండాకాలంలో మా తెల్ల చొక్కాలు మధ్యాహ్నానికల్లా ఇటుకరంగుకి తిరిగేవి. ఎనభైల నడుమ ఆ స్కూల్లో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పిన ప్రమీలారాణి గారిని హిందీ పిల్లలు బహన్‌జీ అనేవారు. తెలుగువాళ్ళం మేం టీచరమ్మ అనేవాళ్ళం.

ఆవిడ నాన్న భూషణం గారిది విజయనగరం వైపు పల్లె. రైలు మార్గం వేసే రోజుల్లో కూలీగా వచ్చి, పట్టాలు చూసే కూలీల మీద మేస్త్రీగా, అంటే గ్యాంగ్‌మేటుగా స్థిరపడ్డారు. లైను ఎంత దూరం సాగితే ఆ సంసారం అంత దూరం జరిగింది. అరకు వైపు ఒక బడి, కోరాపుట్‌లో ఒక బడి, జగదల్‌పూర్‌లో ఇంకో బడి. చేరిన ప్రతిచోటా కొన్నాళ్ళు ఎవరేమంటున్నారో తెలియక వెనక బెంచీలో కూర్చున్న పిల్ల టీచరమ్మ. అందుకేనేమో, తరగతిలో ఎవరైనా నోరు విప్పకపోతే మొద్దు అని ఎన్నడూ అనలేదు.

మా తరగతిలో అలా నోరు విప్పనిది నందే అనే అమ్మాయి. వాళ్ళది బీజాపూర్ దాటాక అడవిలో, ఉసూర్ దగ్గర పల్లె. తండ్రి కేసా రాయి ఎత్తే పనికి కిరండూల్ వచ్చి, కూతుర్ని బడిలో వేశాడు. నందే తెలుగు మాట్లాడేది కానీ, అది సరిహద్దు తెలుగు. ఆమె "ఏంది" అంటే మా కోస్తా పిల్లలు కిసుక్కున నవ్వేవారు. టీచరమ్మ మమ్మల్ని తిట్టలేదు. నందేని తీసుకొచ్చి నా పక్కన ముందు బెంచీలో కూర్చోబెట్టింది, అంతే.

ఆ ఏడు ఇంగ్లీషు వాచకంలో ఒక రాజకుమారుడు డ్రాగన్‌ని చంపే పాఠం ఉంది. గుహలో బంగారం మీద చుట్టచుట్టుకుని పడుకున్న మృగం, నోట్లోంచి మంటలు. పాఠం చదవడం అయ్యాక మా తరగతి బుధ్రాం లేచి అడిగాడు.

"బహన్‌జీ, దాని గుహలో అది పడుకుంది. దాన్నెందుకు చంపాడు?"

"నిజమే. సోమవారం చెప్తాను," అంది టీచరమ్మ.

సోమవారం సంచీలోంచి ఒక పింగాణీ పళ్ళెం తీసింది. ఆవిడ మేనమామ పైడయ్య విశాఖ హార్బరులో పనిచేస్తూ, ఒక ఓడ సరంగు దగ్గర కొని పంపిన పళ్ళెం అది. తెల్లటి పళ్ళెంలో నీలిరంగు మృగం మెలికలు తిరిగి ఉంది. పాము ఒళ్ళు, జింక కొమ్ములు, గద్ద గోళ్ళు. రెక్కల్లేవు. చుట్టూ మబ్బులు.

"ఇదీ డ్రాగనే. చైనావాళ్ళది," అంది.

"ఇది నవ్వుతోందేంటి టీచరమ్మా?" అన్నాన్నేను.

ముందురోజు ఆదివారం టీచరమ్మ రైలెక్కి జగదల్‌పూర్ లైబ్రరీకి వెళ్ళి, దొరికిందల్లా చదివి వచ్చిందట. బోర్డు మీద నిలువుగా గీత గీసి చెప్పడం మొదలుపెట్టింది. పడమటి దేశాల డ్రాగన్‌కి గబ్బిలం రెక్కలు, నోట్లో నిప్పు. గుహల్లో దాక్కుంటుంది, పైర్లు తగలబెడుతుంది, దాన్ని చంపినవాడు వీరుడు. చైనా డ్రాగన్‌కి రెక్కలు అక్కర్లేదు, ఊరికే ఎగురుతుంది. నదుల్లో, సముద్రాల్లో, మబ్బుల్లో ఉంటుంది. వాన దాని చేతిలో ఉంది. కరువొస్తే జనం దానికి మొక్కుతారు. చక్రవర్తులు దాని బొమ్మని బట్టల మీద కుట్టించుకునేవారు. కోపం రాదని కాదు, వస్తే వరద. కానీ దాన్ని చంపాలని అక్కడ ఎవరూ కత్తి పట్టుకుని బయల్దేరరు.

ఆ తర్వాత మమ్మల్ని బయటికి తీసుకెళ్ళింది. మాలో మంగ్లూ అనేవాణ్ణి బల్ల మీద నిలబెట్టి చేతులు చాపమంది. పడమటి డ్రాగన్ తయారైంది. చైనా డ్రాగన్‌కి మాత్రం మేమందరం కావాల్సి వచ్చింది. పండక్కి వాళ్ళు దాన్ని గుంపుగా మోస్తూ ఆడిస్తారట. టీచరమ్మ తన పాత చీరలు రెండు కలిపి కుట్టుకొచ్చింది. వాటి కింద దూరి వరసగా గంతులేశాం. ఒకరి అడుగు తప్పితే అందరం పడ్డాం. అంత నవ్వుకున్న క్లాసు నాకు ఇంకోటి గుర్తు లేదు.

లోపలికొచ్చి కూర్చున్నాక, నందే మొదటిసారి తనంతట తాను లేచి నిలబడింది.

"మా అవ్వ గూడ చెప్తది టీచరమ్మా. పుట్టలకెల్లి పాము లేస్తది. సింగిడి అదే. వానని తాగి ఆపుతది."

సింగిడంటే హరివిల్లని టీచరమ్మ మాకు చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బోర్డు మీద ఇంకో గీత గీసి, మూడో వరసలో పుట్ట, పాము, హరివిల్లు గీసింది. నందే ముఖం వెలిగిపోయింది.

ఆ సాయంత్రం భూషణం గారికి ఈ సంగతి తెలిసింది. ఆయన చర్చిలో పెద్ద. "ఏటమ్మా ఇది? మన బైబిల్లో ఈ డ్రాగన్నే ఘటసర్పమన్నారు, అది సైతానే కదా. దానికి మొక్కుతారని పిల్లలకి చెప్తన్నావేటి?" అని అడిగారు.

"ఎవరు మొక్కుతారో చెప్పాను నాన్నా, మొక్కమని చెప్పలేదు," అందావిడ.

మార్చిలో బోర్డు పరీక్ష. డ్రాగన్ ఎలాంటి జంతువో రాయమని ప్రశ్న వచ్చింది. మాలో చాలామందిమి ఏ దేశపు డ్రాగన్ అయితే ఎలా ఉంటుందో రెండూ రాశాం. నందే పుట్టలోంచి లేచి వాన తాగే పామని రాసింది. ఆ పేపర్లు దిద్దినవారి దగ్గరున్న జవాబు ఒక్కటే: క్రూరమైనది, నిప్పు కక్కుతుంది. మా అందరికీ ఆ జవాబు కొట్టేశారు. గట్టెక్కేవాళ్ళు ఎలాగో గట్టెక్కాం. నందే, ఇంకో ఇద్దరు ఇంగ్లీషులో తప్పారు.

"ఫేలైంది గదా, ఇగ సదువేంది? బీడీలాకు తెంపే కాలమొచ్చింది, అవ్వకాడికి తోలిన," అన్నాడు కేసా టీచరమ్మతో.

ఆవిడ పళ్ళెం, వాచకం సంచీలో పెట్టుకుని జగదల్‌పూర్ వెళ్ళింది. మూల్యాంకనం చూసే పాణిగ్రాహి సార్ నెమ్మదైన మనిషి. చెప్పిందంతా విన్నారు, పళ్ళెం చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. రెండు దేశాల సంగతీ రాసిన పిల్లలవి తప్పు కావని ఒప్పుకుని, మార్కులు వేయించారు. అలా ఇద్దరు గట్టెక్కారు. తర్వాత నందే పేపరు తీశారు.

"బహన్‌జీ, దీనికీ వెయ్యమంటారా? మీరే చెప్పండి. ఈ పాము డ్రాగనా?"

అవునంటే ఆయన వేసేసేవారట. ఆ క్షణం తన నాలుక చివరిదాకా అవునన్న మాట వచ్చిందని టీచరమ్మే తర్వాత మాకు చెప్పింది. కానీ ఆవిడ, "కాదు సార్," అంది. "అది డ్రాగన్ కాదు. ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు. నేనే కలిపి చెప్పాను."

"అయితే సప్లిమెంటరీ రాయించండి," అన్నారాయన, జాలిగానే.

తిరుగు రైల్లో ఆవిడ ఏడ్చిందట. కిరండూల్‌లో దిగాక ఇంటికెళ్ళి, బట్టలు సర్దుకుని, మర్నాడు బీజాపూర్ బస్సెక్కింది. అక్కడి నుంచి జీపులో ఉసూర్, ఆ పైన ఆకు కోతకెళ్ళే ఆడవాళ్ళతో కలిసి నడక. పెళ్ళికాని ఆడది ఒంటరిగా ఆ దారిన వెళ్ళడమేంటని స్కూల్లో అందరూ అన్నారు. భూషణం గారు మాత్రం తన గొడుగిచ్చి పంపారు.

నందే ఆకు కట్టలు కడుతూ ఉంది. టీచరమ్మని చూసి లేచి పరిగెత్తబోయింది.

"ఆగవే. నిన్ను తిట్టడానికి రాలేదు, నా తప్పు చెప్పడానికి వచ్చాను," అంది టీచరమ్మ. అక్కడే కూర్చుని, తానూ ఆకులు సర్దుతూ చెప్పింది. "చైనావాళ్ళ మృగానికి వాళ్ళ భాషలో వేరే పేరుంది. తెల్లవాళ్ళు దాన్ని చూసి, మా డ్రాగన్‌లా ఉందే అని తమ పేరు తగిలించారు. అవి రెండు జంతువులు, పేరే ఒకటి. మీ పామునీ తెచ్చి నేను ఆ వరసలోనే పెట్టాను. తెల్లవాళ్ళు చేసిన పనే నేనూ చేశాను."

నందే అవ్వ, ఆవిడ పేరు ముయె, చుట్ట కాలుస్తూ వింటోంది. "నువ్వు మా పాముకి ఏదో పేరు పెట్టినవంట?" అంది.

"పెట్టాను అవ్వా. తప్పయింది. దాని అసలు పేరేంటో చెప్పు."

"పేరేంది? మా ఇంట్ల దాన్ని పేరు పెట్టి పిలువం. పిలిస్తే వస్తది, వాన పోతది. పంటలెట్ల?"

పేరే పలకకూడని దానికి టీచరమ్మ ఊళ్ళోలేని పేరు పెట్టి బోర్డుకెక్కించింది.

వారం రోజులు అక్కడే ఉండిపోయింది. పొద్దున ఆకు కోత, ఎండెక్కాక పాఠం. కేసా సెలవు పెట్టి వచ్చేసరికి కూతురు అవ్వకి ఇంగ్లీషు వాచకం చదివి వినిపిస్తోంది. "ఇంత దూరమొచ్చినవా తల్లీ," అని మాత్రం అన్నాడతను. కూతుర్ని మళ్ళీ వెంటబెట్టుకుని కిరండూల్ వచ్చాడు. నందే సప్లిమెంటరీ రాసి పాసైంది. ఇప్పుడు బీజాపూర్ ఆస్పత్రిలో నర్సు.

ఆ మరుసటేడు చలికాలంలో, తొమ్మిదో తరగతిలో ఉన్న మమ్మల్ని కూడా టీచరమ్మ ఎనిమిదో తరగతి గదికి పిలిచింది. డ్రాగన్ల పాఠం ఆ రోజు. బోర్డు మీద ఒక్కటే గీత, రెండు జంతువులు. "పేరొకటే, జంతువులు రెండు. పేరు చూసి మోసపోకండి," అని మొదలుపెట్టి, పాఠం పూర్తిచేసి, బోర్డు శుభ్రంగా తుడిచేసింది. అప్పుడు తలుపు దగ్గర కేసా పక్కన నిలబడ్డ ముయె అవ్వని లోపలికి పిలిచి, తన కుర్చీ వేసింది. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, నేల మీద కూర్చుంది. టీచరమ్మ వెనక బెంచీలోకి వెళ్ళి మా మధ్య సర్దుకుంది.

అవ్వ చెబుతుంటే నందే హిందీలో చెప్పింది. పుట్ట, పాము, సింగిడి. అంతా అయ్యాక ఒక చిన్న పిల్ల అడిగింది, "ఆ పాము మంచిదా, చెడ్డదా?"

అవ్వ ఆ పిల్లని వింతగా చూసింది.

"వాన ఎక్కువైననాడు మంచిది. వాన సాలని నాడు పాడుది. అది అడుగుడేంది?"

వెనక బెంచీలో టీచరమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.