రెండో బిళ్ళ పగలగొట్టలేదు

నా పేరు రంగమ్మ. వయసు డెబ్బై ఎనిమిదో, ఎనభయ్యో. తమిళనాడులో ఉడుమలైపేట దగ్గర, తోటల నడుమ ఒక వీధిలో కాపురం. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, రెండు ఆవులు. నా మరిది పోయి నిన్నటికి పదహారు రోజులు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని ఆమెకు ముందే చెప్పాను.

నా పెనిమిటి పోయాక నా నాలుగెకరాల నల్లరేగడిని దున్నింది మరిదే. అతనికి నూలు మిల్లులో ఫిట్టరు పని. సంగు, అదే మిల్లు సైరను, ఊది షిఫ్టు వదలగానే సైకిలెక్కి నా ఇంటికి వచ్చేవాడు. గడప బయటే నిలబడి తువ్వాలు దులుపుకునేవాడు. ఎంత దులిపినా కనుబొమ్మల్లో దూది ఉండేది. లోపలికి రమ్మంటే, "మిల్లును నీ ఇంట్లోకి ఎందుకు తెచ్చేది వొదినా" అనేవాడు.

తడి రేగడిలో మా ట్రాక్టర్ వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగేవి. వాటికి బరువు బిగిస్తే మట్టిని పట్టుకుంటాయని, ఆ బరువులు ఇంట్లోనే పోశాడు. తారు డ్రమ్మును రెండు గుండ్రటి కట్లుగా కోసి, లోపల గ్రీజు పూసి, నడిమి రంధ్రం కోసం అరటి బోదె నిలబెట్టి, రెండు బిళ్ళలు పోయడానికి సిమెంటు కలిపాడు. అందులో వేయడానికి ఇనుము కావాలి. మూలపడిన నా ఎద్దుబండి చక్రాల పట్టాలు, అరిగిన నాగలి కర్రులు ఇచ్చాను. రెండుగా పగిలిన నా దోసెల పెనం కూడా అడిగాడు.

"రెండు ముక్కలూ ఇయ్యి వొదినా."

"ఒకటి చాల్లే. ఇంకోటి పొయ్యికి గాలి అడ్డం పెట్టుకోవాల."

"పిసినారి!" అని నవ్వి, ఉన్న ముక్కే వేశాడు.

ఇరవైయొక్క రోజులు తడి గోనెలు కప్పి ఆ బిళ్ళలకు నీళ్ళు పోసింది నేనే. ఎప్పుడు తీస్తావని అడిగితే, "సిమెంటును తొందరపెట్టినావంటే పగ పెట్టుకుంటాది వొదినా, చేన్లో తీర్చుకుంటాది" అనేవాడు.

బిళ్ళలు బిగించిన రోజు ట్రాక్టర్ ఎక్కడా ఆగలేదు. మా వీధిలోనే ఉండే మిల్లు మేస్త్రీ అది చూసి, ముందు తన చేను దున్నమన్నాడు. "వొదిన చేను అయినాక వస్తాను, అన్నా" అన్నాడు మరిది. అంతే. మేస్త్రీ వెళ్ళి, ఆ బిళ్ళల్లో ఉన్నదంతా మిల్లు ఇనుమని పైవాళ్ళకు చెప్పాడు. మూడో రోజున మరిదిని పనిలోంచి తీసేశారు.

నేను సమ్మెట ఎత్తాను. మరిది పిడి పట్టుకుని ఆపాడు.

"ఒద్దు వొదినా. ఒకటి పగలగొట్టి చూపిస్తే నమ్మడు, రెండోదాన్ని అడుగుతాడు. నువ్వు విత్తు వెయ్యి పో."

ఆ ఏడు నా చేను పండింది. మరిదిని మళ్ళీ ఏ మిల్లూ పనిలోకి తీసుకోలేదు. కొబ్బరి తోటల్లో మోటార్లు బాగుచేస్తూ బతికాడు. ఏ తోటలో పని ముగించినా, ఎవరూ అడగకపోయినా, తన సంచీ నేలమీద బోర్లించి చూపించి మరీ బయలుదేరేవాడు. నేను అన్నీ మరిచిపోగలను. ఆ బోర్లించిన సంచీని మరిచిపోను. ట్రాక్టర్ అమ్మినప్పుడు బిళ్ళలు విప్పించి కొట్టంలో దాచాను.

మా వీధిలో పదహారో రోజున, పోయినవాళ్ళ కొడుక్కు తలపాగా కట్టే ముందు, వాళ్ళ విషయంలో ఎవరికైనా తేల్చుకోవాల్సిన మాట ఉంటే చెప్పమని మూడుసార్లు అడుగుతారు. నిన్న అడిగారు. మేస్త్రీ ముందు వరుసలో కూర్చుని, "బంగారం లాంటి మనిషి, నాకేం మాట లేదు" అన్నాడు.

"నాకుండాది" అన్నాను. నా కొడుకు ఒక బిళ్ళను దొర్లించుకొచ్చాడు. సమ్మెట మేస్త్రీ ఒడిలో పెట్టాను.

"ఇప్పుడెందుకక్కా ఇదంతా? పోయినోడికి ఏమొస్తాది?"

"పోయినోడికి గాదు సామీ, ఉన్నోడికి. కొట్టు."

"చేతుల్లో బలం లేదక్కా."

"అప్పుడు నోట్లో ఉండిందే! ఆ బలంతోనే కొట్టు."

వెనక ఆడవాళ్ళు నవ్వారు. మేస్త్రీ మూడు దెబ్బలు వేసి ఆయాసపడ్డాడు. నాలుగో దెబ్బ నా కొడుకు వేశాడు. బండి పట్టాల నడుమ పెనం ముక్క బయటపడింది. నా పొయ్యి దగ్గరి రెండో ముక్క తెచ్చి, అందరి ముందూ రెండూ ఆనించాను. పగులుకు పగులు కుదిరింది.

మేస్త్రీ ఆ పగులును వేలితో తడిమాడు. "సరి, ఇది నీదేలే" అన్నాడు. "రెండోదాంట్లో ఏముండాదో ఎవరు చూసినారు?"

మరిది అన్న మాటే. పొల్లు పోలేదు.

రెండో బిళ్ళను పగలగొట్టలేదు. నిలువుగా లేపించి, వీధి పొడుగునా దొర్లించి, మేస్త్రీ గడప ముందు పడుకోబెట్టించాను. పైన సమ్మెట పెట్టాను. తీరిక చూసుకుని కొట్టుకోమన్నాను.

ఈ ఉదయం పంతులమ్మను తీసుకుని అటు నడిచాను. సమ్మెట పెట్టినచోటే ఉంది. మేస్త్రీ ఒక చేత్తో గోడ పట్టుకుని, పంచె ఎత్తి, బిళ్ళకు తగలకుండా పక్కగా వీధిలోకి దిగుతున్నాడు.

చెప్పింది రంగమ్మ: ఎడమ బొటనవేలి ముద్ర.
విన్న సాక్షులు: గోపాలసామి, పళనమ్మ.